మెరక మీద ముగ్గు

మా ఊళ్లో కరకట్ట దిగి కృష్ణ వైపు నడిస్తే, నీళ్లకంటే ముందు గరుకు ఇసుకా గులకరాళ్లూ కలిసిన ఎత్తు నేల వస్తుంది. అందరూ దాన్ని మెరక అంటారు. చుట్టూ ఉన్నదంతా నల్లరేగడి. చినుకు పడితే చెప్పు ఊడి వస్తుంది. మెరక మాత్రం ఎంత వాన పడినా పూట తిరిగేసరికి ఆరిపోతుంది. అది ప్రభుత్వ పోరంబోకు, ఎవరికీ పట్టా లేదు.

మా ఊరు అన్నాను గానీ అది మా ఆవిడ పుట్టిన ఊరు. నాది దర్శి వైపు మెట్ట పల్లె. ఇరిగేషన్ శాఖలో కాలువల మీద ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. అరవై దాటినా ఈ ఊరికి నేను అల్లుణ్ణే. పెద్దవాళ్లు "అల్లుడుగారూ" అంటారు. మా ఆవిడ ఈడువాళ్లు "బావగారూ" అని పిలిచి, ఆ వరస ఇచ్చిన చనువునంతా వాడుకుంటారు.

తొంభైల చివర్లో ఒక వానాకాలం, గుంటూరులో ప్రాక్టీసు ఉన్న ఒక డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో పోటీ పడవలు నడిపిన మనిషి. జేబులోంచి పాత ఫోటో తీసి చూపించారు. పొడుగ్గా, సన్నగా ఉన్న పడవ, దాని పక్కన నలుగురు కుర్రాళ్లు. వాళ్లలో తనెవరో ఆయన చెబితే గాని పోల్చుకోలేకపోయాను.

"మన పిల్లల్ని చూస్తున్నారుగా ఇంజనీరుగారూ. తెల్లారితే ట్యూషను, పొద్దుగూకితే ట్యూషను. ఇంత కృష్ణని పక్కన పెట్టుకుని ఒక్కడికీ తెడ్డు పట్టుకోవడం రాదు. ఆ మెరక మీద రోయింగ్ క్లబ్బు కడదామని ఉంది."

స్థలం కోసం అర్జీ పెడితే పై ఆఫీసువాళ్లు ఒక రిపోర్టు అడిగారట. క్లబ్బు వస్తే నదికి, ఒడ్డుకి, చుట్టుపక్కల మనుషులకి ఏమవుతుందో తెలిసినవాళ్లు చూసి రాయాలి. ఊళ్లో ఎవరో నా పేరు చెప్పారు.

"మీరు రోజూ వానా, నది మట్టం రాసుకుంటారటగా."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "నది మట్టమొక్కటేనా అండీ? నేను పులుసులో ఉప్పెక్కువేసిన రోజులు కూడా ఉన్నాయి ఆ డైరీల్లో."

మొహమాటానికి కాదు, ఇష్టపడే ఒప్పుకున్నాను. నా ఉద్యోగకాలమంతా ఈ నదిని ఎంత నీరు వచ్చింది, ఎంత వదిలాం అనే చూశాను. నా చిన్నప్పుడు మా పల్లెలో ఈతకి సరిపడా నీళ్లున్న బావే లేదు. పిల్లలు కృష్ణలో పడవలు నడుపుతారంటే నాకు మనసు నిండింది.

భాద్రపదంలో పని మొదలుపెట్టాను. డాక్టరుగారి ప్లానులో పెద్ద పడవల హాలు, ఆఫీసు గది, బట్టలు మార్చుకునే గదులు, బాత్‌రూములు, చుట్టూ ప్రహరీ, కార్లు రావడానికి రోడ్డు ఉన్నాయి. ఆ కాగితం చేత్తో పట్టుకుని మెరకంతా తిరిగాను. వరదొచ్చినప్పుడు నీళ్లు మెరక అంచు దాకా ఎక్కుతాయి. అడ్డంగా ప్రహరీ ఉంటే ప్రవాహం పక్కకి తిరిగి దిగువ పొలాల్ని కోస్తుంది. బాత్‌రూముల నీళ్లు ఎటు పోయినా చివరికి ఊరి రేవులోకే చేరతాయి. ఒడ్డు గోడలో లకుముకి పిట్టల బొరియలున్నాయి. అవన్నీ పడవలు దింపడానికి ఆయన మెట్లు అనుకున్న చోటే ఉన్నాయి. చేపల వలలు కట్టేవాళ్లు మాత్రం పడవల వల్ల తమకి ఇబ్బంది లేదన్నారు, మోటార్లు లేకపోతే చాలన్నారు.

ఇదంతా విని డాక్టరుగారు సంతోషించారు. "గోడ తీసేద్దాం, బాత్‌రూములు జరుపుదాం. ఇంతేగా? మిగతా స్థలమంతా ఖాళీయేగా? రాసేయండి మరి."

"ఖాళీ కాదండీ. మాఘం వచ్చాక చూడాలి దాన్ని. ఊళ్లో కౌలురైతుల మిరపకాయంతా అక్కడే ఆరుతుంది."

"వాళ్లకి ఇంకెక్కడా చోటు దొరకదా?"

ఆ ప్రశ్నకి జవాబు మా వీధిలోనే ఉంది. మా ఆవిడకి పినతండ్రి కూతురు ఒకామె, నాకు మరదలి వరస, మూడిళ్ల అవతల ఉంటుంది. అంతకుముందు రెండేళ్లు వరసగా పత్తి పురుగు పాలైతే, ఆ ఏడు దంపతులిద్దరూ పత్తి మానేసి, కౌలుకి తీసుకున్న చేనంతా మిరప వేశారు. సొంత నేల లేదు, సొంత కల్లం లేదు. రేగడి మీద కాయ పోస్తే కింద చెమ్మకి బూజు పట్టి తెల్లబడుతుంది. అలా తెల్లబడ్డ తాలుకాయని గుంటూరు యార్డులో ఎవరూ ముట్టుకోరు. వాళ్ల ఏడాది కష్టం మొత్తం ఆ మెరక మీద ఆరాలి.

క్లబ్బు సంగతి తెలిసిన రోజే ఆమె మా వరండా మెట్ల మీద వచ్చి కూర్చుంది.

"ఏం బావగారూ, మెరక అమ్మేస్తున్నారంట?"

"అమ్మడానికి నాదా? చూసి రాయమన్నారు, రాస్తున్నా."

"ఆ రాసేదేదో మా కాయ సంగతి కూడా రాయండి. మెరక పోతే నేనెక్కడ ఆరబోసుకోను? మీ డాబా మీదా?"

"పోసుకోవే," అంది మా ఆవిడ. "ఘాటుకి మీ బావ నాలుగు రోజులు ఇల్లు వదిలి పోతాడు, నాకూ తెరిపి."

మరదలు నవ్వింది గానీ, వెళ్లేటప్పుడు నవ్వు లేదు. "మాట ఇవ్వమనటంలా బావగారూ. కళ్లతో చూసి రాయమంటున్నా, అంతే." నేను తలూపాను.

డాక్టరుగారితో అదే చెప్పాను. మాఘం దాకా చూడకుండా సంతకం పెట్టనన్నాను. ఆయనకి నచ్చలేదు. "నది ఎప్పుడైనా నదేగదండీ" అన్నారు. అయినా ఆగారు.

సంక్రాంతి వెళ్లాక దగ్గరి బంధువులింట్లో పెళ్లికని దర్శి వెళ్లి కొన్నాళ్లు ఉండిపోయాను. ఆ రోజుల్లోనే డాక్టరుగారు తొందరపడ్డారు. స్థలం చూడటానికి రెవెన్యూ ఆఫీసరుగారు వస్తామన్నారట. ప్లాను కాగితం మీద కంటే నేల మీద ఉంటే బాగా అర్థమవుతుందని, మండలాఫీసు సర్వేయరుని గొలుసుతో సహా పంపించి, పిడుగురాళ్ల సున్నం బస్తాలు దింపించి, క్లబ్బు మొత్తాన్ని గదులు గదులుగా మెరక మీద ముగ్గు పోయించారు.

నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో గంపెడు వంకాయలు, గోంగూర కట్టలు ఉన్నాయి.

"మీ మరదలు తెచ్చింది," అంది మా ఆవిడ. "బావగారి కాగితం పనిచేసిందీ అని తెగ మురిసిపోతా చెప్పింది. ఏం కాగితమండీ?"

నాకూ తెలియలేదు. నేనింకా ఏ కాగితమూ పంపలేదు. అడుగుదామని వెళ్తే వాళ్లింటికి తాళం వేసి ఉంది. చేలో మొదటి కోత నడుస్తోందన్నారు.

ఆ ఆదివారం డాక్టరుగారూ, ఆఫీసరుగారూ వచ్చారు. ముగ్గురం కలిసి కరకట్ట ఎక్కాం. పైకి రాగానే డాక్టరుగారు చెయ్యి చాపి "అదిగోండి మన క్లబ్బు" అని చూపించబోయి, ఆ చెయ్యి అలాగే ఉంచేశారు.

క్లబ్బంతా ఎర్రగా ఉంది. హాలు ఎరుపు, గదులు ఎరుపు, వరండా ఎరుపు. తెల్లటి సున్నం గీతల మధ్య ఎక్కడా గీత దాటకుండా, తీర్చి దిద్దినట్టు మిరపకాయలు పరిచి ఉన్నాయి. తలుపులు అనుకున్న చోట గీతకి సందులుంటే, సరిగ్గా ఆ సందుల్లోంచే ఆడవాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు.

జరిగింది ఇదీ. మెరక మీద ఎవరి కల్లం ఎంతవరకు అనేది ఈ ఊళ్లో ఏటా పెద్ద తగవు. ముందొచ్చినవాళ్లు గడ్డి చెక్కి, నీళ్లు చల్లి అణిచి, పేడతో అలుకుతారు. వెనకొచ్చినవాళ్లు అలికినదాన్ని చూసి గొడవకి దిగుతారు. పంచాయతీవాళ్లని కొలిచి పంచమని ఎన్నోసార్లు అడిగారు. ఇప్పుడు ప్రభుత్వ సర్వేయరు గొలుసుతో వచ్చి, కొలతలు వేసి, చక్కగా చిన్నా పెద్దా గళ్లు గీసి వెళ్లాడు. ఏమిటయ్యా ఇది అంటే "పైనుంచి ఆర్డరు" అన్నాడట. మిరప కోతకొచ్చే వేళకి మెరక మీద గళ్లు గీస్తే ఈ ఊరివాళ్లకి తోచే అర్థం ఒక్కటే. ప్రభుత్వం కల్లాలు పంచింది. అందులోనూ మా మరదలికి అనుమానమే లేదు. బావగారు రాశారు, ఆర్డరు వచ్చింది.

మేం కిందికి దిగాం. ముందుగా ఒక పెద్దావిడ డాక్టరుగారికి ఎదురొచ్చింది. ఆయన తెల్లచొక్కా, వెంట ఆఫీసరూ, చూసి ఈయనే పంచిన దొర అనుకున్నట్టుంది.

"అయ్యా, అందరికీ అంతంత ఇచ్చి నాకీ మూల ఇంత చిన్నముక్క ఇచ్చారేం? ఇందులో నేనే పట్టను, నా కాయెక్కడ పోసుకునేది?"

డాక్టరుగారు కాగితం చూసి, నేల చూసి, నెమ్మదిగా అన్నారు. "అది... బాత్‌రూమమ్మా."

"ఏందీ?"

"బాత్‌రూము. స్నానాల గది."

ఆవిడ వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఒసేయ్, నాకు స్నానాలగది ఇచ్చారంటనే!"

మెరకంతా ఒక్కసారి నవ్వింది. పెద్ద హాలులో ఉన్న రైతు "అయితే మాది పెళ్లి హాలా?" అని అరిచాడు. ఆఫీసరుగారు నవ్వబోయి తుమ్మారు. నది మీంచి గాలి తిరిగింది. కాయల ఘాటు ఒక్కసారిగా వచ్చి తగిలేసరికి ముగ్గురం వరసగా తుమ్మడం మొదలుపెట్టాం. తుమ్ము తుమ్ముకీ ఆడవాళ్లు "చిరంజీవ" అంటూనే ఉన్నారు.

మా మరదలు ఆఫీసు గదిలో ఉంది. నన్ను చూసి చేటతో పిలిచింది. ఆ మొహంలో సంతోషం చూశాక చెప్పబుద్ధి కాలేదు. కాని చెప్పక తప్పదు. చెప్పాను. గీతలు కల్లాలు కావనీ, క్లబ్బు గదులనీ.

ఆమె వంగి తన కాయని చేత్తో తిరగేసి చూసింది. అప్పటికే పైన నిగ్గు వచ్చి, కింద ఇంకా మెత్తగా ఉన్నాయి.

"అయితే ఎత్తెయ్యాలా?"

"వద్దు," అన్నారు ఆఫీసరుగారు ముక్కు తుడుచుకుంటూ. "ఆరిందాకా ఉంచుకోండమ్మా." తర్వాత నా వైపు తిరిగారు. "ఇంజనీరుగారూ, ఇది పక్కన పెట్టి అనుమతి ఇవ్వలేను. మీ రిపోర్టులో ఏం రాస్తారో రాయండి. దాన్ని బట్టే నేను."

తిరిగి కరకట్ట ఎక్కుతూ డాక్టరుగారు ప్లాను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కారు దగ్గర అన్నారు. "మీరు మా వైపు అనుకున్నాను."

"మీ వైపేనండీ. పడవలు రావాలి. కాని హాలు మెరక మీదే ఎందుకు ఉండాలి? కరకట్టకీ మెరకకీ మధ్య పల్లంలో పెట్టుకోండి. ఆ పల్లపు ముక్కలో కాయ ఆరదు, దాని జోలికి ఎవరూ రారు. పడవలేగా, ఎత్తుగా బల్లల మీద పెట్టుకోవచ్చు."

"అక్కణ్ణించి నీళ్ల దాకా రోజూ పడవ మోసుకెళ్లాలా? మెరక అంతా దాటుకుంటూ? జరిగే పనేనా?"

"జరుగుతుందో లేదో మోసి చూద్దాం."

విసుగ్గా కారెక్కి వెళ్లిపోయారు. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. ఆయన ఇక రారనే అనుకున్నాను. క్లబ్బు రాకపోతే మా మరదలికి మెరక దక్కుతుంది, నా రిపోర్టుతో పనే ఉండదు. కాని అలా దక్కడం నాకు రుచించలేదు. ఇవాళ క్లబ్బు కాకపోతే రేపు ఇంకెవరో ఇంకేదో కడతామని వస్తారు. వాళ్లు మాఘం దాకా ఆగరు.

మూడో ఆదివారం సాయంత్రం ఆయన వచ్చారు, వెంట ఆసుపత్రి కాంపౌండరు. "మోసి చూద్దామన్నారుగా" అన్నారు, పలకరింపు లేకుండా.

పడవ ఇంకా లేదు. మా వీధిలో కొబ్బరిచెట్లెక్కేవాళ్ల దగ్గర పొడుగాటి వెదురు నిచ్చెన అడిగి తెచ్చాం. పడవ పొడుగుకి కాస్త తక్కువ. బరువు చాలదని డాక్టరుగారే దానికి తడి ఇసుక గోతాలు కట్టించారు. ముందు ఆయన, వెనక కాంపౌండరు, మధ్యలో మా మరదలి భర్త, నేను. నలుగురం భుజాన పెట్టుకుని కరకట్ట కింద నుంచి బయలుదేరాం.

ఆ వేళకి ఆడవాళ్లు రాత్రి మంచుకి కాయ తడవకుండా కుప్పలు చేసి పట్టలు కప్పుతున్నారు. కుప్పల మధ్య దారులు వదిలారు. ఆ దారి పట్టుకుని మేం వెళ్తుంటే ఒకళ్లు కూడా ఊరుకోలేదు.

"డాక్టరుగారూ, ఎవరింటికి కన్నం వెయ్యడానికి?"

"మా బావగారికి చెట్టెక్కే వయసొచ్చిందే!"

"జాగర్తయ్యా, నా కుప్ప తొక్కితే సూది మందు మీకు నేను పొడుస్తా!"

సగం దూరంలో డాక్టరుగారు ఆగమన్నారు. అలిసిపోయారనుకున్నాను. భుజం మార్చుకుని, వెనక్కి తిరక్కుండానే "అందరూ కుడికాలు ముందు" అన్నారు. గొంతు మారింది. ఆ తర్వాత నలుగురం ఒకే అడుగు వేశాం, బరువు సగమైనట్టనిపించింది. నీళ్ల దగ్గర నిచ్చెన దింపాక ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒగుర్చుతూ నవ్వారు.

"మద్రాసులో మేమూ ఇలాగే మోసేవాళ్లం. పోటీ కంటే ఇదే బాగుండేది."

"ఇంత దూరానికే అలిసిపోయారేం డాక్టరుగారూ?" అంది మా మరదలు పట్ట అంచు మీద రాయి పెడుతూ. "మేం కాయ కుక్కిన టిక్కీ బస్తాలు మొయ్యట్లేదూ?"

"రేపట్నుంచి మీరే మా వాళ్లకి ట్రైనింగివ్వాలమ్మా."

"ఇస్తా. ముందు నా ఆఫీసు గది నాకుంచండి."

రిపోర్టు ఆ వారంలోనే పూర్తిచేశాను. హాలు కరకట్ట పక్కకి, రేకుల పందిరిగా, గోడలు లేకుండా. బాత్‌రూములు కట్టకి ఇవతల, ఊరి వైపు. కార్లు కట్ట మీదే ఆగాలి, మెరక మీదికి రాకూడదు. మాఘం నుంచి కాయ ఎత్తేదాకా క్లబ్బుకి సెలవు. ఆ నెలల్లో ఎలాగూ నీళ్లు వెనక్కి పోయి ఒడ్డంతా బురద తేలుతుంది, పడవ దింపడం కష్టం. నది మట్టాలన్నీ దగ్గరున్నాయి కాబట్టి ఆ మాట గట్టిగా రాయగలిగాను. మిరపకీ పడవలకీ కాలం దగ్గర ఎక్కడా తగవు రాదు. ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. డాక్టరుగారి సంతకం నా సంతకం కంటే పైన ఉంది.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. మెట్లు జరపమని రాశాను గానీ, జరిపిన చోట ఒడ్డు జారి, చివరికి పిట్టల బొరియలున్న వైపే కొంత తవ్వాల్సి వచ్చింది. ఆ ఏడు పిట్టలు కనబడలేదు. మరుసటేడు ఇంకా దిగువకి పోయి కొత్తగా తవ్వుకున్నాయి. మెట్ల వల్ల అందరికంటే సుఖపడ్డవి గేదెలు. అవి మెట్లు దిగి నీళ్లలో పడుకోకుండా ఆపడానికి క్లబ్బువాళ్లు చేసిన ప్రయత్నాలన్నీ ఓడిపోయాయి. కొన్నేళ్లకి ఒక పెద్ద వరద మెరక ఎక్కి పందిరి కిందకి వచ్చింది. పడవలు ఎత్తు బల్లల మీద ఉండబట్టి చెక్కుచెదరలేదు. అడ్డుపడే గోడ లేదు కాబట్టి నీళ్లు వచ్చినదారినే పోయాయి.

ఆ మొదటి ఏడు మా మరదలి కాయ గలగల మోగేలా ఆరింది. యార్డుకి వెళ్లే లారీ ఎక్కించే ముందు గుప్పెడు తెచ్చి మా ఆవిడ చేతిలో పోసింది. ఆ ఏడు మా ఆవకాయ రంగు గురించి డైరీలో రాసుకున్నాను.

నీళ్లొచ్చాక మొదటి పడవ దిగింది. గుంటూరు కాలేజీ పిల్లలు నలుగురు, వాళ్లలో ఇద్దరికి ఈత కూడా కొత్త. ఒడ్డున నిలబడి చూశాను. తిన్నగా పోవాల్సిన పడవ గుండ్రంగా తిరిగింది, మళ్లీ తిరిగింది, ఎప్పటికో తిన్నగా పోయింది. డాక్టరుగారు గట్టు మీద పరిగెత్తుతూ అరుస్తున్నారు. నీళ్లలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత వచ్చిన జనవరిలో, క్లబ్బుకి సెలవు ఇచ్చే ముందు రోజు డాక్టరుగారు సున్నం బస్తాతో వచ్చారు. ఈసారి సర్వేయరు లేడు. కౌలురైతుల్ని పిలిచి, ఎవరికెంత కాయ వస్తుందో అడిగి, తాడు పట్టుకుని తనే గళ్లు గీశారు. పెద్ద తగవు ఆ ఏడు లేదు, చిన్నది మాత్రం ఉంది. నిరుడు బాత్‌రూము వచ్చిన పెద్దావిడ ఈసారి హాలు కావాలంది, ఇచ్చారు. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. పిల్లలు పడవలు పందిట్లో సర్దిపెట్టి, చివరి పనిగా మెరక మీద ముగ్గు పోసి వెళ్తారు.

గళ్లు గీయడం అయ్యాక మా మరదలు వచ్చి నిలబడింది.

"బావగారూ, నా ఆఫీసు గదేది?"

చూపించాను. చెప్పులు విప్పి గీత దాటకుండా, తలుపు సందులోంచే లోపలికి వెళ్లి, పేడనీళ్ల బకెట్టు దింపుకుంది.